ఖాళీ హాలుకి ఒక కచేరీ

పాత కోర్టు, సైటు ఆఫీసు గది
జూలై 2

అన్నయ్యా,

ఈ ఉత్తరం ఈరోజే రాయాలి. పొద్దున హాలు పైకప్పుకి రంగు వేసేశారు. మధ్యాహ్నం హాలు మేనేజరమ్మ వచ్చి, సెప్టెంబరు ఇరవైన జరిగే మొట్టమొదటి కచేరీ మీ బ్యాండుదేనని చెప్పింది. నువ్వు వాళ్ళకి సరే అనేలోపు నా మాట నీకు అందాలి. ఫోన్‌లో చెబితే సగంలోనే నవ్వేసి "అలాగేలే ఇంజనీరమ్మా" అంటావు, నాకు ఒళ్ళు మండుతుంది, అసలు సంగతి అక్కడే ఆగిపోతుంది. కాగితం మీద ఉంటే చివరిదాకా చదువుతావు. నా పక్కన కూర్చుని నా పలక మీదే అక్షరాలు నేర్చుకున్నప్పటి నుంచీ నీకున్న అలవాటది.

నువ్వు ఈ హాలు లోపలికి ఎప్పుడూ రాలేదు కాబట్టి ముందు అది ఎలా ఉంటుందో చెబుతాను. జడ్జి కూర్చునే అరుగు మీద పెద్ద రాతి కమాను ఉంది. ఆ అరుగే ఇప్పుడు స్టేజి. రెండు పక్కలా గోడల వెంబడి ఉన్న వసారాల మీదా రాతి కమానులే. మధ్యలో జనం కూర్చునే చోట మాత్రం పైకప్పు రాయి కాదు, సున్నం. ఆ రోజుల్లో దూలాలకి సన్నని చెక్క బద్దలు సందులు వదిలి కొట్టి, కింద నుంచి తడి సున్నం అదిమేవారు. అది సందుల్లోంచి పైకెళ్ళి, కొక్కెంలా వంగి గట్టిపడేది. ఇంత పెద్ద పైకప్పునీ ఆ కొక్కేలే మోస్తాయి. ఏళ్ళు గడిచేకొద్దీ అవి విరుగుతాయి. విరిగిన చోట సున్నం వెంటనే పడదు. పక్కనున్న దాన్ని పట్టుకుని అలాగే వేలాడుతుంది. వకీళ్ళు ఎంత గొంతు చించుకున్నా దానికేం కాలేదు. కానీ మీ బేస్ పెట్టెలు మోగితే పక్కటెముకలు అదురుతాయి చూడు, దానికి గండం ఆ అదురే.

ఏప్రిల్ నుంచి నేను పరంజా మీద వెల్లకిలా పడుకుని, చెక్క సుత్తితో పైకప్పంతా తట్టుకుంటూ వచ్చాను. గట్టిచోట టక్కుమంటుంది. డొల్లచోట డబ్బుమంటుంది. డొల్ల అనిపించిన చోటల్లా నీలం సుద్దతో గుండ్రంగా గీత గీశాను. మరమ్మతు వాళ్ళు అక్కడ సన్నని కన్నం వేసి, జిగురు ఎక్కించి, మరలు బిగించి, ఆఖరున తడిగుడ్డతో ఆ గీత తుడిచేయాలి. మేం పెట్టుకున్న పద్ధతి అది. గీత ఉంటే పని మిగిలినట్టు, లేకపోతే అయినట్టు.

హాలు కమిటీ పెద్దలు చూడటానికి వస్తున్నారని నిన్న ఎవరో రంగు మేస్త్రీకి కబురంపారు. రంగువాళ్ళు తెల్లారగానే వచ్చి, నా గీతలు మురికి మరకలనుకుని శుభ్రంగా కడిగి, తెల్లరంగు కొట్టేశారు. నేను వచ్చేసరికి పైకప్పు మీగడలా మెరుస్తోంది. "చూశావా అమ్మాయ్, ఎంత కళ వచ్చిందో" అంది మేనేజరమ్మ.

ఎన్నిచోట్ల మరమ్మతు అయిందో, ఎన్నిచోట్ల మిగిలిందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. మరమ్మతు మేస్త్రీ "అన్నీ అయిపోయాయి మేడమ్" అంటాడు. కానీ వాళ్ళు మధ్యలో ఇంకో పని మీద వెళ్ళిపోయి మొన్ననే తిరిగొచ్చారు. ఆ రోజు ఇంకా బోలెడన్ని గీతలు నా కళ్ళతో నేను చూశాను. డొల్లచోట్లన్నీ నా పటంలో ఉన్నాయి గానీ, వాటిలో ఏవి బాగయ్యాయో అందులో లేదు. అది పైకప్పు మీదే కనిపించేది. పైనుంచి చూద్దామా అంటే, చప్పుడు బయటికి పోకుండా అటకంతా దూది దిండ్లు పరిచి బోర్డులు బిగించేశారు. పరంజా ఈ వారమే విప్పేస్తారట.

నేను మా ఆఫీసు పెద్దసారుతో మాట్లాడతాను. మళ్ళీ తట్టి చూడనిస్తారు, ఇవ్వకేం. అప్పటిదాకా వాళ్ళకి సరే అనకు అన్నయ్యా.

నీ చెల్లి

*

బస్సు డిపో ఎదురు లాడ్జి
జూలై 11

ఇంజనీరమ్మకి,

నీ ఉత్తరం వచ్చేసరికే సరే అనేశాను. మేనేజరమ్మ అడగడం పూర్తికాక ముందే అనేశాను, ఆవిడకే సిగ్గేసుంటుంది. మా పాటగాడైతే లాడ్జి మంచం మీద గెంతాడు, మంచం కోడు విరిగింది. లాడ్జివాడు ఇప్పుడు మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూస్తున్నాడు.

నువ్వు రాసిందంతా చదివాను. రెండుసార్లు చదివాను. కొక్కేలు, బద్దలు అన్నీ అర్థమయ్యాయి. కానీ చెల్లీ, నువ్వు ఇల్లు కదిలేముందు గ్యాసు కట్టేశానా లేదా అని వెనక్కొచ్చి చూసే రకం. గుమ్మం దాటాక తాళం లాగి చూసి, వీధి చివరి నుంచి మళ్ళీ వచ్చి లాగుతావు. ఆ గుణం ఉంది కాబట్టే ఇంత పైకొచ్చావు, కాదనను. మేస్త్రీ అయిపోయిందన్నాడుగా. వాడు మాత్రం ఎందుకు అబద్ధమాడతాడు?

మేం ఇన్నాళ్ళూ ఎక్కడెక్కడ వాయించామో నీకు తెలుసు. సంత మైదానాలు, కారు షెడ్లు, ఒకసారి చేపల గోదాము. అక్కడ వాసనకి మా బేస్ గిటారువాడు ముక్కులో దూది పెట్టుకుని వాయించాడు. తలుపులూ కుర్చీలూ ఉన్న హాలు ఒక్కటీ లేదు. ఇప్పుడు ఏకంగా కోర్టు. ఇన్నేళ్ళూ "నిశ్శబ్దం, నిశ్శబ్దం" అని అరిచిన చోట నేను వెళ్ళి డ్రమ్ములు బాదుతాను. ఇంతకన్నా ఏం కావాలి?

అమ్మకీ నాన్నకీ సీట్లు పెట్టించాను. సరిగ్గా మధ్యలో, అన్నిటికన్నా మంచి చోటట. నాన్న గూడ్సు యార్డులో మూటలు మోసేవాళ్ళందరికీ చెప్పేశాడట. "హాలు కట్టేది కూతురు, వాయించేది కొడుకు" అని తిరుగుతున్నాడట. పాత కోర్టుని కొత్తగా కట్టడమేంటి నాన్నా అంటే, "నీకేం తెలుసురా" అన్నాడు.

పెద్దసారు ఒప్పుకుంటే మళ్ళీ తట్టుకో. నీ తృప్తి నీది. నేను మాత్రం వాయిస్తాను.

దరువు

(పోస్టర్ మీద కూడా ఈ పేరే వేస్తున్నారు. నువ్వు పెట్టిన పేరే.)

*

పాత కోర్టు, సైటు ఆఫీసు గది
జూలై 27

అన్నయ్యా,

పెద్దసారు ఒప్పుకోలేదు.

పరంజా తీసేశారు. కింద కుర్చీల మెట్లు బిగించేస్తున్నారు. మళ్ళీ పరంజా ఎక్కించాలంటే ఆ మెట్లు విప్పాలి. సారు నా మాట వినలేదని కాదు, అంతా విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మేస్త్రీ రాసిచ్చాడు, నువ్వు దాని కింద సంతకం పెడతావు, మన పని అంతే" అన్నారు. ఏ చోట అయిందో ఏ చోట కాలేదో నాకు తెలియదు సార్ అన్నాను. "తెలియనప్పుడు ప్రమాదం ఉందని మాత్రం ఎలా తెలుసు?" అన్నారు.

తర్వాత మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మంచి మనిషి. ఈ కోర్టుని పడగొట్టి దుకాణాలు కడదామన్నవాళ్ళతో ఏళ్ళ తరబడి కొట్లాడి నిలబెట్టింది. నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, "నాకు ఒక్క ముక్కలో చెప్పు. పడుతుందా, పడదా?" అంది.

"తెలియదండీ" అన్నాను.

"పడొచ్చా?"

"పడొచ్చు. పడకపోవచ్చు."

"నువ్వు చదువుకున్నదానివి కదమ్మా" అంది. తిట్టినట్టు అనలేదు. బతిమాలినట్టు అంది. ఈ కచేరీ ఆగితే పడగొడదామన్నవాళ్ళు మళ్ళీ వస్తారట. పైకప్పు బాగాలేదన్న మాట వాళ్ళ చెవిన పడితే, కోర్టు మొత్తం బాగాలేదని చెప్పుకుంటారట. "మేం ఇన్నాళ్ళూ కాపాడింది నీ ఒక్క 'తెలియదు'తో పోతుంది" అంది. టీ చల్లారిపోయింది, తాగకుండానే వచ్చేశాను.

ఇంట్లో నాన్న ముందు కూర్చున్నాను. ఆయనకి పూర్తిగా చెప్పలేదు. ఊరికే, ఒక చోట నాకు అనుమానంగా ఉంది నాన్నా అన్నాను. "ఇంత చదివి అనుమానమేంటే? అనుమానాలు మాలాంటోళ్ళకి. నీకు తెలిసే ఉంటుంది, సరిగ్గా గుర్తు చేసుకో" అన్నాడు. పరీక్షలో జవాబు మర్చిపోయిన పిల్లకి ధైర్యం చెప్పినట్టు చెప్పాడు. అమ్మ కుట్టుమిషను దగ్గర్నుంచి, "దాన్ని వదిలెయ్, తిండి సరిగ్గా తినట్లేదు, అందుకే అలా ఉంది" అంది. కచేరీ రోజు వేసుకోవడానికి జాకెట్టు కుడుతోంది. నాకు చూపించి, చేతులు పొడుగ్గా ఉంచనా పొట్టిగా ఉంచనా అని అడిగింది.

నన్ను చదివించింది ఎందుకో నాకు తెలుసు అన్నయ్యా. ఇంట్లో ఒక్కరైనా ఏదడిగినా చెప్పగలిగేవాళ్ళు ఉండాలని. ఆఫీసు కాగితం వచ్చినా, మందు సీసా వచ్చినా నా చేతిలోనే పెట్టేవారు. నేను చెప్పింది చెప్పినట్టు నమ్మేవారు. ఇప్పుడు నేను మొదటిసారి తెలియదంటుంటే, అది జవాబులా ఎవరికీ వినిపించడం లేదు.

నీకైనా వినిపించాలి. కచేరీ ఒక్క నెల వెనక్కి జరపమని బ్యాండు తరఫున మీరు అడిగితే మేనేజరమ్మ ఒప్పుకుంటుంది. మీరే అడిగారు కాబట్టి కోర్టుకి చెడ్డపేరు రాదు. ఆ నెలలో నేను మెట్లు విప్పించి పైకప్పు తట్టిస్తాను. ఒక్క నెల.

నీ చెల్లి

*

కొత్త మార్కెట్ వెనక, స్నేహితుడి గది
ఆగస్టు 12

చెల్లికి,

ఒక్క నెల అంటావు. నాకు నెల లేదు.

నీకు చెప్పకూడదనుకున్నాను, చెప్పించావు. కుడి మణికట్టులో నరం నొక్కుకుపోతోంది. వేసవి నుంచీ ఉంది. మొదట వేళ్ళు తిమ్మిరెక్కేవి, ఇప్పుడు పుల్ల చేతిలో ఉందో లేదో చూసుకుంటే గానీ తెలియడం లేదు. పుల్లని అరచేతికి ప్లాస్టరు వేసి అతికించుకుని వాయిస్తూ వచ్చాను. డాక్టరు కోయాలన్నాడు. ఆలస్యం చేసేకొద్దీ చెయ్యి చచ్చుబడుతుందన్నాడు. కోస్తే గ్లాసు పట్టుకుంటావు, బండి నడుపుతావు, ఇలా వాయించడం మాత్రం చెప్పలేనన్నాడు. ఆయన కూడా నీలాగే, తెలియదంటాడు.

ఆయన్ని బతిమాలి ఒక కచేరీకి ఒప్పించుకున్నాను. ఒక్కదానికి. అప్పటిదాకా చేతికి విశ్రాంతి ఇవ్వమన్నాడు. ఊళ్ళలో చిన్నచిన్న ప్రోగ్రాములన్నీ ఇప్పుడు మా పాటగాడి తమ్ముడు వాయిస్తున్నాడు. నేను పక్కన కూర్చుని గిలక్కాయ ఆడిస్తున్నాను, చంటిపిల్లాడిలా. బ్యాండులో ఈ సంగతి తెలిసింది వాళ్ళిద్దరికే. అమ్మకీ నాన్నకీ చెప్పావంటే నీకూ నాకూ మాటల్లేవు.

నేను పిచ్చివాణ్ణి కాదు. నీ కొక్కేలు నాకు అర్థం కాక కాదు. నీకు చదువుంది, రేపు ఇంకో బిల్డింగు వస్తుంది, ఎల్లుండి ఇంకోటి. నాకు వచ్చింది ఇదొక్కటే. పదేళ్ళ వయసు నుంచీ డబ్బాలు, రేకులు, బల్లలు, నాన్న వీపు, ఏది దొరికితే అది వాయించాను. ఒక్కసారి కూర్చున్న జనం ముందు వాయించి ఆపేస్తాను. అది కూడా నీ సుద్దగీతల కోసం వదులుకోమంటే ఎలా వదులుకోను?

నువ్వు సంతకం పెట్టకపోతే అది నా మీద చేసిన సంతకమే అనుకుంటాను.

ఎడం చేత్తో రాశాను. అక్షరాలు బాగా లేకపోతే ఏమనుకోకు.

*

పాత కోర్టు, సైటు ఆఫీసు గది
ఆగస్టు 25

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివాను. మర్నాడు సంతకం పెట్టేద్దామనే వచ్చాను. నీతో నిజమే చెబుతున్నాను, కాగితం ముందు పెట్టుకుని పెన్ను మూత కూడా తీశాను. మేస్త్రీ నిజమే చెప్పాడేమో, నేనే తాళం లాగి చూసే రకమేమో అనుకున్నాను.

ఆ టైముకి స్పీకర్ల కంపెనీ వాళ్ళు బేస్ పెట్టెలు బిగించి పరీక్ష మొదలుపెట్టారు. పాట కాదు, ఒక్కటే లోతైన స్వరం, ఎక్కడో భూమిలో లారీ నడుస్తున్నట్టు. టేబుల్ మీద నా గ్లాసులో నీళ్ళు వణికాయి. నేను పెన్ను పట్టుకునే హాల్లోకి వెళ్ళాను. మధ్య వరుసల్లో ఏదో టపుక్కున పడింది. స్వరం ఆపేశారు. వెళ్ళి చూస్తే కుర్చీ మీద అరచేయంత పెచ్చు. సీటు గుడ్డ చిరిగింది.

పెద్దసారు వచ్చి, "రంగు పొర, ఆరి రాలింది" అన్నారు. నేను దాన్ని విరిచి చూపించాను. వేలి మందం ఉంది. లోపల మేక వెంట్రుకలున్నాయి. పాతకాలంలో సున్నం బీటలివ్వకుండా కలిపేవారు. రంగులో వెంట్రుకలుండవు సార్ అన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. చూసి, "ఊడాల్సింది ఊడింది, మిగతాది గట్టిదే" అన్నారు. ఆయన గొంతులో కూడా భయం ఉంది. ఆ భయం చూశాక నాకు ఇంకా భయమేసింది. సాయంత్రానికల్లా అక్కడ పూత పూసి, సీటు మార్చేశారు. కచేరీ వరకు గట్టి చప్పుడు పెట్టొద్దని కంపెనీ వాళ్ళకి హుకుం వేశారు.

సంతకం పెట్టనని చెప్పేశాను. "సరే" అన్నారు. అంతే. వారం తిరక్కుండా ఇంకో ఇంజనీరు వచ్చాడు, పై ఆఫీసు నుంచి. కిందనే నిలబడి తలెత్తి చూసి, చాలా బాగుందని సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. అన్నయ్యా, నా సంతకం నీ మీద కాదు, నీ కోసమూ కాదు. అది లేకపోయినా ఏదీ ఆగలేదు. కట్టడాల భద్రత ఆఫీసుకి వెళ్ళి చెప్పాను, పరిశీలిస్తామన్నారు. మళ్ళీ వెళ్ళాను, పరిశీలిస్తున్నామన్నారు. కమిటీ పెద్దమనిషి ఒకాయన గుమ్మంలోనే నిలబెట్టి విని, "అన్న వాయిస్తుంటే చెల్లెలికి గర్వంగా ఉండాలి గానీ" అని నవ్వి తలుపేసుకున్నాడు. నన్ను ఈ నెలాఖరు నుంచి గోదాము పనికి మార్చారు.

నీ చెయ్యి గురించి ఏం రాయాలో నాకు తెలియడం లేదు. వేసవిలో ఇంటికొచ్చినప్పుడు నువ్వు ఎడం చేత్తో అన్నం కలుపుకుంటుంటే అమ్మ తిట్టింది. నువ్వు నవ్వించావు. నేనూ నవ్వాను.

వాయించొద్దని ఇక చెప్పలేను. వాయించమనీ చెప్పలేను. ఏం చెయ్యాలో చెప్పు.

నీ చెల్లి

*

కొత్త మార్కెట్ వెనక
సెప్టెంబరు 3

చెల్లీ,

ఇక ఈ సంగతి నాకు రాయకు. చదివిన రోజు నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే చెయ్యి ఇంకా లాగుతుంది.

ఇంకో ఇంజనీరు చూశాడు కదా. అతనూ చదువుకున్నవాడే. నేను వాయిస్తాను. స్టేజి మీద రాయే ఉందని నువ్వే రాశావు, కాబట్టి నా గురించి బెంగ పెట్టుకోకు.

అమ్మావాళ్ళ సీట్లు మార్పించాను. మధ్యలో బేస్ ఎక్కువ, నాన్న చెవులు తట్టుకోలేవని చెప్పి పక్క వసారాలో గోడ వైపు వేయించాను. నువ్వూ వస్తే అక్కడే కూర్చో.

దరువు

*

గోదాము, తూకం గది
సెప్టెంబరు 8

అన్నయ్యా,

రాయొద్దన్నావు. ఇదొక్కటీ రాస్తాను.

నువ్వు సీట్లు మార్చావు. మార్చావని చదివి ముందు నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత అర్థమైంది. నాన్న పట్టాల పక్కన పుట్టి పెరిగినవాడు, గూడ్సు బండి పోతుంటే దాని పక్కనే నిద్రపోతాడు. ఆయన చెవులకి బేస్ ఒక లెక్కా? నువ్వు ఆయన్ని రాయి కిందికి మార్చావు. అంటే నా మాట నీకు మొదటి నుంచీ వినిపిస్తూనే ఉంది. ఈ లోకంలో నా 'తెలియదు'ని జవాబుగా తీసుకున్నది నువ్వొక్కడివే. తీసుకుని, మనవాళ్ళ వరకు వాడుకుని, మడిచి జేబులో పెట్టుకున్నావు.

ఆ రెండు సీట్లూ ఖాళీగా ఉండవు. వేరే ఎవరికో ఇచ్చేసి ఉంటారు. వాళ్ళింట్లోనూ ఎవరో ఒకరు చేతులు పొడుగ్గా ఉంచనా పొట్టిగా ఉంచనా అని అడుగుతుంటారు. నేను నిన్ను తప్పు పట్టడం లేదు. నేనైనా అదే చేసేదాన్నేమో. కానీ ఇద్దరికీ తెలిసి, ఇద్దరం రాయి కింద ఉండిపోతే, ఆ రోజు ఏమీ కాకపోయినా మనం మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకోగలమా?

నాకొక్కటే దారి కనిపిస్తోంది. అడగడానికి నోరు రావడం లేదు, అందుకే చేత్తో రాస్తున్నాను.

పద్దెనిమిదిన మీకు సౌండ్ చెక్ ఉంది. హాలు మొత్తం ఆ పూట మీది. కచేరీలో ఎంత గట్టిగా వాయిస్తారో అంత గట్టిగా వాయించి చూసుకునే హక్కు మీ ఒప్పందంలోనే ఉందని మేనేజరమ్మే ఒకసారి అంది. పెద్దసారు స్పీకర్ల వాళ్ళని ఆపగలరు గానీ మిమ్మల్ని ఆపలేరు. రికార్డు పెట్టి మోగిద్దామంటే నాకు ఇప్పుడు హాలు తాళం కూడా ఇవ్వరు. ఆ పూట కుర్చీల్లో ఒక్కరూ ఉండరు. సౌండు బల్ల మాత్రం హాలు మధ్యలో ఉంటుంది. దాన్ని ముందుగానే కమాను కిందికి లాగించు, వైర్లు చాలుతాయి, నేను కొలిచి చూశాను. అందరూ రాయి కిందే ఉండాలి. నేనూ వస్తాను, నీ పక్కనే నిలబడతాను.

అప్పుడు కచేరీ మొత్తం వాయించు. మొదటి పాట నుంచి ఆఖరి పాట వరకు, బేస్ పూర్తిగా పెట్టి, ఎక్కడా తగ్గకుండా. సౌండ్ చెక్‌లా కాదు. నిజం కచేరీలా.

పడేది ఉంటే అప్పుడు పడుతుంది, కుర్చీల మీద. కచేరీ పోతుంది. కోర్టు కూడా పోతుందేమో, మేనేజరమ్మ నన్ను జన్మలో క్షమించదు. పడకపోతే, ఇరవయ్యో తేదీన సరిగ్గా మధ్యలోనే అమ్మనీ నాన్ననీ కూర్చోబెట్టి వాళ్ళ మధ్య నేను కూర్చుంటాను.

నేను ఏం అడుగుతున్నానో నాకు తెలుసు. నీ చేతిలో ఒక్క కచేరీయే మిగిలిందన్నావు. దాన్ని ఖాళీ కుర్చీలకి వాయించమంటున్నాను. పైకప్పు పడకపోయినా, ఇరవయ్యో తేదీన డ్రమ్ముల ముందు మీ పాటగాడి తమ్ముడు ఉంటాడు, నువ్వు పక్కన గిలక్కాయ ఆడిస్తుంటావు. నాన్న యార్డులో అందరికీ చెప్పుకున్న కొడుకు వాయించడం నాన్న వినడు. ఆ తమ్ముడి చేతే సౌండ్ చెక్ వాయించొచ్చు కదా అంటావేమో. ఎందుకో చెప్పకుండా ఒక కుర్రాణ్ణి అంత గట్టిగా, అంతసేపు వాయించమని ఎలా అడగను? చెబితే ఆ మాట గంటలో మేనేజరమ్మ దగ్గర ఉంటుంది, సౌండ్ చెక్కే ఉండదు. ఎందుకో తెలిసి, తెలిసినా వాయించగలిగేవాడు నువ్వొక్కడివే.

నువ్వు వాయిస్తుంటే నేను ఎప్పుడూ పూర్తిగా వినలేదు అన్నయ్యా. నాకు పరీక్షలుండేవి, తర్వాత ఉద్యోగం ఉండేది. ఈసారి మొదటి నుంచి చివరిదాకా వింటాను. దీనికి బదులుగా నీకు ఇవ్వగలిగింది నా దగ్గర అంతకన్నా లేదు.

వస్తానని రాయి, లేదా రానని రాయి. కోపంగానైనా రాయి, ఎడం చేత్తోనైనా రాయి. నువ్వు కాదంటే, పదహారున హాలు గుమ్మం ముందు నిలబడి వచ్చినవాళ్ళందరికీ చెప్పడం మొదలుపెడతాను. వింటారని కాదు, నాకు ఇంకేం మిగల్లేదు. అందుకని పదిహేనో తేదీ లోపు నీ జవాబు నాకు అందాలి. గోదాము చిరునామాకే రాయి.

నీ చెల్లి